అభ్యంతరం లేదు

ఒసాకాలో నేను చూసిన మొదటి వాటాదారుల సభ
ఇరవై మూడు నిమిషాల్లో ముగిసింది.
నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చారు.
నాకప్పుడు ఇరవై రెండేళ్లు.
ముందు వరసల్లో కూర్చున్నదంతా మా ఉద్యోగులే.
ముందురోజు సాయంత్రం సాధన చేసిన గొంతులతో
ఛైర్మన్ గారు ఊపిరి పీల్చుకున్న చోటల్లా
"అభ్యంతరం లేదు!" అని అరిచారు.
నిరుటి కంటే నాలుగు నిమిషాలు తక్కువని
ఆ రాత్రి బీరు గ్లాసులెత్తారు.
నాకు నారింజ రసం పోశారు.

తర్వాత ముప్ఫై తొమ్మిదేళ్లు ఇదే పని.
ఏం పనో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.
"పెద్ద కంపెనీలు ఎలా నడుచుకోవాలో సలహా రాస్తాను"
అన్నాను ఒకసారి పళ్ల డాక్టరుతో.
"వింటారా?" అన్నాడాయన,
నా నోట్లో అద్దం పెట్టి.

ఒక్క వాక్యం మీద పదకొండేళ్లు గడిపాను.
"బోర్డులో బయటివాళ్లు ఉండటం మంచిది."
అందులో 'మంచిది' కొట్టేసి 'ఉండాలి' రాయడానికి
ఎన్ని కమిటీలు, ఎన్ని చల్లారిన టీలు,
ఎందరు పెద్దమనుషులు నీళ్లు నమలడం చూశానో!
చివరికి ఒప్పుకున్నారు, ఒక తోక తగిలించి:
"ఉండాలి. లేకపోతే ఎందుకు లేరో చెప్పాలి."
చెప్పారు.
"పరిశీలనలో ఉంది" అని.
మరుసటేడూ అదే. ఆ పై ఏడూ అదే,
అచ్చుతప్పుతో సహా.

బయటివాళ్లు వచ్చారు కూడా.
ఒకాయన ఛైర్మన్‌కి గోల్ఫ్ జోడీ.
ఇంకొకాయన ఛైర్మన్ కూతురి పెళ్లిలో పెద్ద.
గంగిరెద్దుకైనా తలూపడానికి సన్నాయి వినబడాలి,
వీళ్లకు అదీ అక్కర్లేకపోయింది.
కంచే చేను మేస్తుందంటారు గానీ
నేను చూసిన కంచెలు ఎప్పుడూ మేయలేదు, పాపం.
పక్కకు ఒరిగి దారిచ్చి
"ఇది మినిట్స్‌లో రాయకండి" అన్నాయి, అంతే.

ఒక మార్చిలో కవరొచ్చింది,
పంపినవాళ్ల పేరు లేదు.
యంత్రం నూనె వాసన.
లోపల బ్రేకు విడిభాగాల తనిఖీ కాగితాలు:
మూడు నెలలు, ఒకే కొలత, ఒకే పెన్ను,
జ్వరమొచ్చి సెలవులో ఉన్న మనిషి సంతకం.
అంచున పెన్సిల్‌తో,
"మీరు రాసిన నియమాలు చదివాను. అందుకే."

ఆ 'అందుకే' దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
ఎవరో నిజంగా చదివారు!

ఛైర్మన్ గారికి చూపిస్తే
"ఇది ఇంటి విషయం కదండీ" అన్నారు మెత్తగా.
నా కాంట్రాక్టు కూడా పరిశీలనలోకి వెళ్లింది.

జూన్‌లో సభ, నగోయాలో.
వచ్చినవాళ్లకు పంచే మిఠాయి పెట్టెలు ఆ ఏడు మానేశారు.
(ఆ సలహా నాదే.)
హాలు సగం ఖాళీ.
నాలుగో వరసలో మగారా తొకుహెయి గారు మాత్రం వచ్చారు.
ఎనభై ఒక్కేళ్లు, వంద వాటాలు,
అదే కంపెనీ లేత్ దగ్గర ఒక వేలు వదిలేసి రిటైరైన మనిషి.
మైకు అందుకున్నాడు.
మిఠాయి సంగతి అడుగుతాడనుకున్నాం.
అదే అడిగాడు.
నవ్వులు సద్దుమణిగాక
"సరే, రెండోది.
ఆ కొలతలు ఎవరు కొలిచారు?"

ఏసీ చప్పుడు వినబడింది.
ముందు వరసల్లో ఒకడు "అభ్యంత..." అని ఎత్తుకుని
ఎక్కడ దించాలో తెలియక ఆగిపోయాడు.
వేదిక మీద తొమ్మిది మంది
ఎవరి మైకు వాళ్లు పక్కవాళ్ల వైపు జరిపారు.
నా జేబులో స్టాప్‌వాచ్, పాత అలవాటు.
నలభై ఒక్క సెకన్లు.

శరత్కాలంలో తొమ్మిది మందీ కెమెరాల ముందు వంగారు,
నడుము దాకా, లోతుగా.
లేచాక
ఆరుగురు అవే కుర్చీల్లో కూర్చున్నారు.
ఆరు, తొమ్మిది కాదు. రాసిపెట్టుకున్నాను.

కవరు పంపిందెవరో నాకిప్పటికీ తెలియదు.
తెలుసుకోకూడదన్న నియమం రాసిందీ నేనే.
లోకల్ రైల్లో మాత్రం
ఎవరి గోళ్ల కిందైనా నల్లటి చార కనబడితే
సంచీ ఒళ్లో పెట్టుకుని
కాస్త జరిగి చోటిస్తాను.